1950, 60లలో చెస్ గ్రాండ్‌మాస్టర్లు ప్రైజ్ మనీతోనే బతికేవారా?

చాలామందికి కుదరలేదు. ప్రపంచ ఛాంపియన్ బోట్వినిక్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. అంతకుముందు ఛాంపియన్‌గా ఉన్న మాక్స్ యూవే లెక్కల మాస్టారు. అమెరికాలో అంత పేరున్న రెషెవ్‌స్కీ అకౌంటెంట్‌గా పనిచేశారు. సోవియట్ ఆటగాళ్లకు ప్రభుత్వం జీతంలా డబ్బిచ్చేది కాబట్టి వాళ్లకు ఇల్లు గడుస్తుందా అన్న టెన్షన్ లేదు. మిగతావాళ్లకు ఆ ఆసరా ఎక్కడిది?

1963లో లాస్ ఏంజెలెస్‌లో చెలో విద్వాంసుడు పియాటిగోర్‌స్కీ, ఆయన భార్య జాక్వెలిన్ కలిసి ఎనిమిది మంది గ్రాండ్‌మాస్టర్లతో ఓ టోర్నమెంట్ పెట్టారు. బహుమతులన్నీ కలిపి 10,000 డాలర్లు. ఆ రోజుల్లో చెస్‌కి అంత ఇచ్చినవాళ్లు అరుదు. కెరెస్, పెట్రోసియన్ సమానంగా మొదటి స్థానంలో నిలిచారు. అమెరికా గ్రాండ్‌మాస్టర్ ఫిషర్ మాత్రం రావడానికే 2,000 డాలర్లు అడిగాడు. వాళ్లు కాదన్నారు, అతను ఆడలేదు. 1966లో మళ్లీ పెట్టినప్పుడు మొదటి బహుమతే 5,000. అది స్పాస్కీ గెలిచాడు, ఫిషర్ అర పాయింట్ వెనకబడ్డాడు.

ఫిషర్‌ని డబ్బు మనిషి అని తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమండుతుంది. కారణం చెబుతాను.

డిగ్రీ రోజుల్లో మా జిల్లాలోనే ఓ ఊళ్లో ఓపెన్ టోర్నమెంట్ ఆడాను. మొదటి బహుమతి ఓ రైల్వే గుమాస్తా గారికి వచ్చింది. చివరి రౌండ్‌లో ఆయన ఆడిన రూక్ ఎండింగ్ (ఏనుగులు మిగిలిన ముగింపు ఆట) చూడటానికి అందరం ఆ బల్ల చుట్టూ మూగాం. తర్వాత సభ. ముఖ్య అతిథి చెస్ గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడారు. వేదిక మీదున్న ప్రతి ఒక్కరికీ శాలువా, పూలదండ, మెమెంటో. గుమాస్తా గారికి కవరిచ్చి ఫొటో తీశారు. బయటికొచ్చి తెరిస్తే లోపల డబ్బు లేదు, తర్వాత పంపిస్తామని రాసిన చీటీ ఉంది. ఆయన మెల్లగా వెళ్లి అడిగితే నిర్వాహకుడు, "ఆట మీద ప్రేమతో ఆడాలండీ, డబ్బు కోసమా?" అన్నాడు. ఎంట్రీ ఫీజు మాత్రం మా అందరి దగ్గరా ముందే వసూలు చేశారు. ఆ శాలువాల ఖర్చు ఆపితే బహుమతి డబ్బు అక్కడే వచ్చేది. ఇప్పటికీ చాలా ఊళ్లలో ఇదే తంతు.

ఆ మాట ఫిషర్ దగ్గర ఎవరూ అనలేకపోయారు. 1972లో డబ్బు చాలదని అతను ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీకి ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్ వెళ్లకుండా మొండికేస్తే, స్లేటర్ అనే బ్రిటిష్ వ్యాపారి బహుమతిని రెట్టింపు చేసి 2,50,000 డాలర్లకు పెంచాడు. తర్వాతి తరం చెస్ మీద బతకగలిగిందంటే ఆ మొండితనం వల్లే.

మన దగ్గర ఇంకో అన్యాయం ఉంది. దేశంలో మొదటి జాతీయ చెస్ ఛాంపియన్‌షిప్ 1955లో ఏలూరులో జరిగింది. మహారాష్ట్ర ఆటగాడు సాప్రేతో కలిసి మన డి. వెంకయ్య గారు సంయుక్త విజేతగా నిలిచారు. ఆయన పేరు మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు? ఏలూరు వాళ్లెవరైనా ఉంటే, ఆ పోటీల గురించి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది కింద రాయండి.