సీరియల్‌లో చావు దృశ్యాన్ని తూకం వేసే అమ్మాయి రచయిత్రి కాగలదా?

ప్రశ్న: మా అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి మా అత్తగారి పక్కన కూర్చుని సీరియళ్లు చూడటం అలవాటు. పదో తరగతిలో ఉండగా ‘కార్తీకదీపం’లో డాక్టర్ బాబు, వంటలక్క చనిపోయిన రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఏ సీరియల్‌లో ఎవరు చనిపోయినా ఆ దృశ్యం ఎలా ఉందో రాస్తోంది. ‘ఏడుపు బాగుంది, రాత బాగాలేదు’ వంటి మాటలు అందులో చాలా ఉన్నాయి. మా అత్తగారు కూడా ‘పదకొండో రోజు కాకముందే ఆ పిల్లకు పట్టుచీర ఎలా కట్టారు’ అంటే అదీ రాసుకుంది. ఎంబీఏ ప్రవేశానికి ఐసెట్‌కు సిద్ధం కమ్మంటే సీరియల్ రచయిత్రిని అవుతానంటోంది. తప్పులు పట్టడం వచ్చినంత మాత్రాన రాయడం వస్తుందా? అందులో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు మీరు ఉదాహరించిన ఆ చిన్న వాక్యంలోనే ఉంది. ఒక దృశ్యం కదిలిస్తే అంతా బాగుందని, కదిలించకపోతే అంతా చెత్తగా ఉందని అనడం ప్రేక్షకులలో ఎక్కువమందికి సహజం. ఒకే దృశ్యంలో నటనను ఒక పక్కకు, రాతను మరో పక్కకు తీసి వేరువేరుగా తూచడం అంత తేలిక కాదు. అందులోనూ చావు దృశ్యంలో అది మరీ కష్టం, ఎందుకంటే కన్నీళ్లు రాతలోని లోపాన్ని కప్పేస్తాయి. పదిహేనేళ్ల వయసులో మీ అమ్మాయి ఆ రెంటినీ విడదీసి చూసిందంటే దానిని కాలక్షేపంగా కొట్టిపారేయకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే అది సగం జవాబు మాత్రమే. మిగతా సగం ఆమె ఇంకా నేర్చుకోవలసి ఉంది.

ఆమె నోటుపుస్తకం మొదలైన సందర్భాన్నే తీసుకుందాం. స్టార్ మా ఛానల్‌లో 2017 అక్టోబరులో మొదలైన ‘కార్తీకదీపం’ నాలుగేళ్లకు పైగా తెలుగు ఇళ్లలో రాత్రి భోజనాల వేళను శాసించింది. 2022 మార్చిలో కారు ప్రమాదంలో కార్తీక్ (డాక్టర్ బాబు), దీప (వంటలక్క) చనిపోయినట్టు చూపి, కథను పెద్దవాళ్లయిన కూతుళ్లు హిమ, సౌర్యల మీదకు నడిపారు. అదే సంవత్సరం ఆ దంపతులిద్దరూ బతికే ఉన్నారంటూ తిరిగి తెచ్చారు. ప్రేక్షకుల తీర్పు ఎవరికి చెందాలన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఆ పాత్రలు వేసిన నిరుపమ్, ప్రేమి విశ్వనాథ్ తమకు ఇచ్చిన దృశ్యాన్ని ఎలా పోషించారన్నది ఒక విషయం. ఆ పాత్రలను చంపాలన్న నిర్ణయం నటులదీ కాదు, చాలా సందర్భాలలో మాటల రచయితదీ కాదు. అది కథా బృందం, నిర్మాత, ఛానల్ కలిసి కూర్చున్న గదిలో జరిగే నిర్ణయం. మరి చంపినవాళ్లను తిరిగి బతికించడం రాతకు సంబంధించి అన్నింటికంటే బరువైన చర్య. మార్చిలో మనస్ఫూర్తిగా ఏడ్చిన ఇల్లాలి కన్నీటిని కొద్ది నెలల తర్వాత వెనక్కి తీసుకున్నట్టు అవుతుంది. ఆ తర్వాత ఏ సీరియల్‌లో ఎవరు చనిపోయినా ఆమె ముందు అడిగేది ‘నిజంగానే పోయాడా’ అని. ఎంత గొప్ప నటుడైనా ఆ సందేహాన్ని ఒంటరిగా తొలగించలేడు.

ఈ విషయంలో తెలుగు సీరియళ్లు మొదటివి కావు. 2000 జూలైలో స్టార్ ప్లస్‌లో మొదలైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ తొలి సంవత్సరాలలోనే కథానాయకుడు మిహిర్ పాత్రను చంపితే దేశమంతటా ప్రేక్షకులు ఒప్పుకోలేదు, పాత్ర తిరిగి రాక తప్పలేదు. అక్కడ జనం నటనను గాని రాతను గాని తప్పుపట్టలేదు. ఆ చావునే తిరస్కరించారు. ప్రేక్షకుల తీర్పులో ఇన్ని రకాలు ఉన్నాయని, ఒక్కొక్కటి ఒక్కొక్కరికి చేరవలసిన తీర్పు అని మీ అమ్మాయి గుర్తించగలిగితే ఆమె పుస్తకం మరో మెట్టు ఎక్కుతుంది.

ఇప్పుడు ‘ఏడుపు బాగుంది’ అన్న మాటను కొంచెం ఆగి చూడాలి. ఆ ఏడుపు ఎవరిది? తెలుగు సీరియళ్లలో ప్రధాన పాత్రలు వేసే నటీమణులలో చాలామంది కన్నడ, మలయాళ పరిశ్రమల నుంచి వచ్చినవారు. ప్రేమి విశ్వనాథ్ కూడా ‘కార్తీకదీపం’కు మూలమైన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’లో కథానాయికగా చేసి ఇక్కడికి వచ్చారు. ఇలా వచ్చిన చాలామందికి తెలుగులో గొంతు ఇచ్చేది డబ్బింగ్ కళాకారిణులు. తెర మీద కళ్లలో నీళ్లు ఒకరివి, మన చెవిన పడి గుండెను పట్టుకునే ఆ గద్గద స్వరం మరొకరిది. మనం ‘బాగా నటించింది’ అంటున్న దానిలో సగం, పేరు కూడా తెలియని ఒక మనిషి మైకు ముందు నిలబడి చేసిన పని. ఈ కళాకారిణులకు రావలసిన గుర్తింపు రావడం లేదన్నది నాకు ఎప్పుడూ బాధ కలిగించే సంగతి. ఇక శవం దగ్గర కూర్చున్న పదిమంది ముఖాలనూ మూడేసి సార్లు చూపడం, ప్రతి ముఖానికీ ఒక ఉరుము మోగించడం దర్శకుడి, ఎడిటర్ల ఎంపిక. మీ అత్తగారు పట్టుకున్న పట్టుచీర తప్పు దుస్తుల విభాగానిది కావచ్చు, లేదా పదకొండు రోజులు గడవకముందే కథను పెళ్లిమాటల మీదకు తోసిన రచయితది కావచ్చు. ఏది ఎవరిదో తేల్చుకోకుండా ‘రాత బాగాలేదు’ అనడం తొందరపాటు అవుతుంది.

బయటి దేశాల ఉదాహరణ ఒకటి చెబుతాను, ఎందుకంటే నటన మీద తీర్పు, రాత మీద తీర్పు ఇంత స్పష్టంగా విడిపోయిన సందర్భం మరొకటి నాకు వెంటనే స్ఫురించదు. బ్రిటన్‌లో బీబీసీ ప్రసారం చేసే ‘ఈస్ట్‌ఎండర్స్’ సీరియల్‌లో 2011 కొత్త సంవత్సరం వేళ రోనీ అనే పాత్రకు పుట్టిన పసిబిడ్డ తొట్టిలోనే ఉన్నట్టుండి చనిపోతాడు. ఆ దుఃఖంలో ఆమె తన బిడ్డ దేహాన్ని పొరుగింటి కాట్ బిడ్డ స్థానంలో పెట్టి, బతికున్న బిడ్డను తెచ్చుకుంటుంది. వేల సంఖ్యలో ఫిర్యాదులు వెళ్లాయి. రోనీగా వేసిన సమంతా వొమాక్ సరిగా నటించలేదని కాదు ఆ ఫిర్యాదులు. బిడ్డను కోల్పోయిన తల్లిని పరాయి బిడ్డను ఎత్తుకుపోయే మనిషిగా చూపడం అటువంటి కడుపుకోత అనుభవించినవారికి అన్యాయం చేయడమేనని. చివరికి కథను అనుకున్నదానికంటే ముందుగా, ఏప్రిల్‌లోనే ముగించి బిడ్డను కన్నతల్లికి చేర్చారు. అదే దేశంలో 2014 జనవరిలో ‘కొరొనేషన్ స్ట్రీట్’ అనే మరో సీరియల్‌లో క్యాన్సర్‌తో బాధపడిన హేలీ పాత్ర మరణానికి లభించిన ఆదరణ వేరు. ఆ పాత్ర పదహారేళ్లుగా ఆ కథలో ఉంది, జబ్బును నెలల తరబడి నిదానంగా రాశారు, నటి జూలీ హెస్మండాల్ ఇక తిరిగి రాదని ప్రేక్షకులకు తెలుసు. నటనకు నిలబడటానికి కింద నేల ఉంది.

ఇక మీ అమ్మాయి నేర్చుకోవలసిన మిగతా సగానికి వస్తాను. తప్పు పట్టిన ప్రతిచోటా ఆమె అదే దృశ్యాన్ని తిరిగి రాయాలి. అదే నటులు, అదే ఇల్లు, ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌లో అదే నాలుగు నిమిషాలు, మరుసటి రోజుకు షూటింగ్ జరగాలన్న అదే ఒత్తిడి – ఈ హద్దులను మార్చకుండా రాయాలి. ముందు ఆ దృశ్యాన్ని ధ్వని తీసేసి ఒకసారి చూడమనండి, తర్వాత తెరను చూడకుండా వినమనండి. నటి ముఖంలో ఏముందో, గొంతులో ఏముందో, కాగితం మీద ఆమెకు ఇచ్చిన మాటలేమిటో అప్పుడు విడివిడిగా తెలుస్తాయి. ఆ తర్వాత, ‘నన్ను వదిలి వెళ్లిపోయావా’ అన్న మాట గాని దాని చుట్టాలు గాని ఒక్కటి కూడా లేకుండా రెండు పేజీలు రాయమనండి. మన ఇళ్లలో చావు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పొయ్యి వెలిగించని వంటిల్లు, పక్కింటివారు తెచ్చి పెట్టిన అన్నం గిన్నెలు, దండెం మీద ఆరేసి అలాగే ఉండిపోయిన చొక్కా, పెద్దకర్మకు ఎవరిని పిలవాలి అన్న చోట మొదలై ఎప్పటివో పాత తగాదాల దాకా పోయే మాటలు, నిన్నటిదాకా రోజూ ఫోన్ చేసిన మనిషి నంబరును తీసేయడానికి వేలు రాని కొడుకు – వీటిలో ఏ ఒక్కటి చూపినా నటికి గొంతెత్తి ఏడవవలసిన అవసరం తగ్గిపోతుంది. చావును దగ్గరగా చూసిన మీ అత్తగారి వంటి ప్రేక్షకులు ఆ పేజీలకు అసలైన పరీక్షకులు. ఇరవై దృశ్యాలు ఇలా తిరగరాశాక కూడా ఆమెకు ఇరవై ఒకటో దృశ్యం రాయాలనిపిస్తే ఆ కోరికను మీరు నమ్మవచ్చు. విమర్శ మాత్రమే ఇష్టమై, తిరగరాయడం విసుగనిపిస్తే అదీ తెలుసుకోదగిన విషయమే. అప్పుడు పత్రికలలో టీవీ సమీక్షలు, లేదా ఛానళ్లలో ఎపిసోడ్లను చదివి లోపాలు చెప్పే క్రియేటివ్ విభాగం ఉద్యోగాలు ఆమెకు తగినవి.

బతుకుతెరువు గురించి దాపరికం లేకుండా చెబుతాను. సీరియల్ రంగంలో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు తరచుగా వేరువేరు మనుషుల పని. కొత్తవారు ప్రవేశించేది సాధారణంగా మాటల రచయితకు సహాయకులుగానే. చెల్లింపు ఎక్కువగా ఎపిసోడ్ లెక్కన ఉంటుంది, ఆలస్యమవుతుంది, రేటింగ్ పడిపోయి సీరియల్ ఆగితే ఆదాయమూ ఆగుతుంది. గురువారం గురువారం వచ్చే రేటింగుల ప్రకారం రాసిన కథను రాత్రికి రాత్రి మార్చమంటారు. మొదటి రెండు మూడేళ్లు పేరు తెర మీద పడకపోవచ్చు. హిందీ నుంచి తెలుగులోకి వచ్చే సీరియళ్లకు, ఓటీటీ కార్యక్రమాలకు డబ్బింగ్ మాటలు రాయడం మరొక దారి. పెదవుల కదలికకు తగిన తెలుగు మాట వెతకడంలో దొరికే శిక్షణ చాలా విలువైనది. అవకాశం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారు ఎవరైనా సరే, వారి గడప తొక్కవద్దు. తాను రాసిన కథలను తెలుగు సినీ రచయితల సంఘంలో గాని, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో గాని నమోదు చేసుకునే అలవాటు మొదటి నుంచీ ఉండాలి.

చదువు విషయంలో నా సలహా బి.కాం. మధ్యలో ఆపవద్దని. పుణేలో 1960లో ఏర్పడిన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్ రచన, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రానిక్ మాధ్యమాలకు రచన నేర్పుతారు. ఈ రెండు ప్రభుత్వ సంస్థలూ డిగ్రీ పూర్తయినవారినే, ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటాయి. హైదరాబాదు దాటి పంపడం ఇష్టం లేకపోతే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్, కమ్యూనికేషన్ శాఖలు ఉన్నాయి. అన్నపూర్ణ కళాశాల వంటి ప్రైవేటు సంస్థలలో ఫీజు భారం ఎక్కువ కాబట్టి అప్పు చేసే ముందు బాగా ఆలోచించండి. ఏ సంస్థలోనూ చేరకుండానే సెట్ మీద నేర్చుకుని రచయితలైనవారు ఈ రంగంలో ఎందరో ఉన్నారు. కాని ఇప్పుడు అందరికంటే దగ్గరగా ఉన్న బడి మీ ఊరే. తెనాలి నాటకానికి పేరుపడ్డ ఊరు, అక్కడి పరిషత్తు పోటీలకు ఆమెను తీసుకువెళ్లండి. రంగస్థలం మీద చావు దృశ్యానికి క్లోజప్ ఉండదు, ఉరుము శబ్దం ఆదుకోదు. మాట బలంగా లేకపోతే ప్రేక్షకులు అప్పటికప్పుడే కదులుతారు, దగ్గుతారు. నటన ఎక్కడ ముగిసి రాత ఎక్కడ మొదలవుతుందో అంత స్పష్టంగా చూపే చోటు నాకు తెలిసి మరొకటి లేదు.

ఐసెట్ ఎలాగూ డిగ్రీ చివరి ఏడాదిలో రాసే పరీక్ష కనుక తొందరేమీ లేదు. ఆ పరీక్షను ఆమె రాసి పెట్టుకోవడంలో నష్టం లేదు, రచన మీది ఇష్టానికి దానిని శిక్షగా మాత్రం మార్చకండి. ఈ సెలవుల్లో ఆమె నోటుపుస్తకంలోని మొదటి పేజీని, అంటే 2022 నాటి ఆ ప్రమాదం తర్వాతి దృశ్యాన్ని తిరిగి రాయమనండి. రాసింది మీ అత్తగారికి బిగ్గరగా చదివి వినిపించమనండి. ఆమె ఎక్కడెక్కడ ‘అలా అనరే పిల్లా’ అన్నారో ఆయా పంక్తుల పక్కన గీత గీసి ఆ కాగితాలు నాకు పంపండి, ఆ గీతలు పడిన చోట్ల గురించి మీ అమ్మాయితోనే నేరుగా మాట్లాడతాను.