గ్యాదరింగ్ స్టార్మ్‌ల నది పక్కన ఊరు కట్టాల్నా వద్దా

తమ్మీ, నువ్వు అడిగినవి రెండు ముచ్చట్లు. సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆటకు గ్యాదరింగ్ స్టార్మ్ అనే ఎక్స్‌పాన్షన్ (అదనపు భాగం) వేసుకుంటే వరదలొచ్చి కట్టిందంతా నాశనం చేస్తున్నయంట, మరి నది పక్కన ఊరు పెట్టొచ్చా అని ఒకటి. యుద్ధం చేయకుండ ఓట్లతోనే గెలిచే డిప్లొమాటిక్ విక్టరీ నిజంగ అయితదా, ఉత్తదా అని ఇంకోటి. రెండూ అయితయ్. కాకపోతే రెండిట్ల నేను బోర్లా పడ్డంకనే తెలిసింది, అందుకే జర పొడుగ్గ రాస్తున్న, ఓపికతోని చదువు.

కొనుడు సంగతి ముందు చెప్పేస్త. ఇది 2019 ఫిబ్రవరి 14న వచ్చిన రెండో ఎక్స్‌పాన్షన్. మొదటిది రైజ్ అండ్ ఫాల్, అది లేకున్నా ఇది నడుస్తది, గవర్నర్లు, లాయల్టీ, గోల్డెన్ ఏజ్‌లు లాంటి దాని పద్ధతులన్నీ దీంట్లనే వస్తయ్, దానితోని వచ్చిన దేశాలు మాత్రం రావు. బేస్ గేమ్ ఉండాల్సిందే. సేల్ పడ్డప్పుడు ఆంథాలజీ అని అన్నీ కలిపి అమ్ముతరు, నేను అదే తీస్కున్న. 2025ల సివ్ 7 వచ్చింది గదా అంటవేమో, నా ల్యాప్‌టాప్‌ల 6 నడుస్తుండుడే గొప్ప.

ఇగ వరద. నా మొదటి ఆట భారత్ తరఫున, చంద్రగుప్తతోని. రాజధాని నది పక్కన, చుట్టూ ఫ్లడ్‌ప్లెయిన్స్, అంటే వరదొస్తే మునిగే నేల, చూడనీకె మస్తుగుండె. ఖాళీ జాగ ఉంది గదా అని సరిగ్గ ఆ ఫ్లడ్‌ప్లెయిన్ మీదనే క్యాంపస్ (చదువుల డిస్ట్రిక్ట్, అంటే ఊరికి కట్టే పేట) కట్టిన, దాంట్ల లైబ్రరీ కూడ పెట్టిన. ఆటల వరదలు మూడు రకాలు, మామూలుది, పెద్దది, ఇగ థౌజండ్ ఇయర్ ఫ్లడ్ అని ఒకటి. నాకు మొదట్నే ఆ మూడోది తగిలింది. క్యాంపస్ పాయె, లైబ్రరీ పాయె, పొలాలు పాయె, జనాభ తగ్గె, పనికని నిలబెట్టిన బిల్డర్ కొట్టుకపోయిండు. కోపం వచ్చి ల్యాప్‌టాప్ మూసి పండుకున్న. కానీ తెల్లారి తెరిచి చూస్తే అదే పొలాల మీద ఫుడ్ పెరిగి ఉంది, ఒకటి రెండు చోట్ల ప్రొడక్షన్ (కట్టనీకె కావాల్సిన పని బలం) కూడ కలిసింది. క్యాంపస్ ఉన్న జాగకు మాత్రం ఏం లాభం రాలే, రిపేర్ ఖర్చే మిగిలింది.

ఇది చూడంగనే నాకు రాజోలి యాదికొచ్చింది. మాది ఆలంపూర్ దిక్కు. 2009 అక్టోబర్ మొదట్ల తుంగభద్ర పొంగినప్పుడు రాజోలిల మా మేనత్తోళ్ళ ఇల్లు మునిగింది. వాళ్ళది నేత పని. నీళ్ళు తీసినంక మేం పోతే మా మామ గుంట మగ్గం గుంటల దిగి తట్టతోని బురద ఎత్తిపోస్తుండు, పడుగంతా ఉండలు చుట్టుకపోయి మట్టి తాడు లెక్క ఉంది, ఎంత పిండినా ఎర్ర నీళ్ళే వస్తున్నయ్. పొలమున్నోనికి వరద పోతే కనీసం ఒండ్రు మిగుల్తదని ఆశ, మగ్గమున్నోనికి ఏం మిగుల్తది? ఆటల కూడ సరిగ్గ గంతే. ఫ్లడ్‌ప్లెయిన్ మీద పొలాలు వెయ్యి, డిస్ట్రిక్ట్‌లు ఎత్తు మీదకు జరుపు. పొలం పోయినా బిల్డర్‌ను పంపితే ఊకెనే బాగైతది, మట్టి మాత్రం బలపడుకుంట పోతది. నాలుగైదు వరదలు తిన్న పొలం చూస్తే డ్యాం కట్టనీకె అంత తొందరేంది అనిపిస్తది.

ఒక్కటి మాత్రం ఆట చేసినోళ్ళకు తెల్వదు. వరద ఎప్పుడూ ఒండ్రే తేదు. మా దిక్కు కొన్ని పొలాలల్ల ఇసుక మేట వేసిపోయింది, ఆ ఇసుక తీసేదాక నాగలి దిగలే. గేమ్‌ల ఇసుక మేట లేదు, పెడితే అప్పుడు తెలుస్తుండె.

డ్యాం బట్రెస్ టెక్నాలజీతోని వస్తది. అది ఫ్లడ్‌ప్లెయిన్ టైల్ (మ్యాప్ మీది గడి) మీదనే కట్టాలె, ఆ టైల్‌కు కనీసం రెండు దిక్కుల నది పారాలె, ఒక నదికి ఒక్కటే డ్యాం. అందుకే ఊరు పెట్టే రోజే ఏ టైల్‌కు రెండు వైపుల నది ఉందో చూసి పిన్ పెట్టుకో, మర్చిపోయి దాని మీద వేరేది కట్టి తర్వాత ఏడ్వకు, నేను ఏడ్చిన. డ్యాం పడ్డదాక ఊరిని లియాంగ్ గవర్నర్‌కు అప్పజెప్పి రీఇన్‌ఫోర్స్‌డ్ మెటీరియల్స్ ప్రమోషన్ ఇస్తే వరదకు, తుఫానుకు కట్టడాలు చెక్కు చెదరవు. ఈజిప్ట్ తీసుకుంటే వాళ్ళకు వరద నష్టమే లేదు, కొత్తోళ్ళకు అది మంచి బడి. వరదలు, తుఫాన్ల జోరు ఎంతుండాల్నో స్లైడర్ ఉంటది, 0 నుంచి 4 దాక, మామూలుగ 2 మీద ఉంటది, నువ్వూ అక్కడ్నే ఉంచు.

కరువు గురించి ఎవ్వరూ మాట్లాడరు, చూడనీకె తమాషా లేదు గదా. ఆటల అది 5 టర్న్‌లో 10 టర్న్‌లో ఉండి పోతది, ఊర్ల అక్విడక్ట్‌నో (ఊరికి నీళ్ళు తెచ్చే కాల్వ) డ్యామ్‌నో ఉంటే ఫుడ్ తగ్గదు. పాలమూరోనికి ఇది చదివితే నవ్వొస్తది. మా తాత గుంపు మేస్త్రి వెంట మట్టి పనికి పోయేటోడు, డ్యాంలు, కాల్వలు ఎక్కడ తవ్వితే అక్కడికి, ఊరికి పండుగకు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. డ్యాం కట్టనీకె ఆటల ప్రొడక్షన్ అని సుత్తి బొమ్మ చూపిస్తరు చూడు, మాకు ఆ సుత్తి మా తాతే.

ఇంకో తిక్క ఏందంటే ఈ ఆటల పైనోడు డ్యాం కడితే కిందోనికి నీళ్ళు తగ్గవు. కృష్ణ మీద బచావత్ ట్రిబ్యునల్ కూసుండి 2060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 అని పంచింది, 1976ల గెజిట్ అయింది, ఆ పంచాయతి ఇప్పటికీ ఒడవలే. ప్రపంచంల సగం లొల్లి నీళ్ళదే, అది వరల్డ్ కాంగ్రెస్‌ల, అంటే ఆటల దేశాలన్నీ కూసుండి ఓట్లేసే సభల, లేకపోవుడు నాకు పెద్ద లోటు అనిపిస్తది.

సరే, వరల్డ్ కాంగ్రెస్. మీడీవల్ ఎరా నుంచి షురూ అయితది, స్టాండర్డ్ స్పీడ్‌ల 30 టర్న్‌లకోసారి కూసుంటది. ప్రతి తీర్మానానికి ఒక ఓటు ఫ్రీ, తర్వాతి ఓటుకు 10 డిప్లొమాటిక్ ఫేవర్ (ఓట్లు కొననీకె వాడే పరపతి), దాని తర్వాతిదానికి 20, ఆ తర్వాత 30, గిట్ల పెరుక్కుంట పోతది. 1200 ఫేవర్ పోసినా మొత్తం 16 ఓట్లే వస్తయ్, లెక్క చేసుకో. డిప్లొమాటిక్ విక్టరీ గెలవనీకె 20 పాయింట్లు కావాలె.

ఫేవర్ ఎవరికొస్తదంటే పెద్దమనిషిగ ఉన్నోనికి. సిటీ స్టేట్‌లకు (ఒక్కొక్క ఊరే ఉన్న చిన్న రాజ్యాలకు) సుజరెయిన్‌గ, అంటే పెద్దదిక్కుగ, ఉండాలె, అలయన్స్‌లు కుదుర్చుకోవాలె. నేనేం చేసిన, మొదటి ఆటల పక్కోని మీద సర్‌ప్రైజ్ వార్ వేసిన. దానికి 150 గ్రీవెన్సులు, అంటే మన మీద పడే ఫిర్యాదుల లెక్క. తిట్టి, అంటే డినౌన్స్ చేసి, 5 టర్న్‌లు ఆగి ఫార్మల్ వార్ వేస్తే 100 తోని పోతుండె. దాని మీద వాని రాజధాని కూడ గుంజుకున్న. ఇంకొకని సొంత రాజధాని నీ చేతుల ఉన్నన్ని రోజులు టర్న్‌కు 5 ఫేవర్ కోత పడుతది, ఆ సంగతి తెల్వక 60, 70 టర్న్‌లు నా ఫేవర్ ఎందుకు ఎదుగుతలేదో అని బుర్ర గోక్కున్న. ఊర్ల కూడ చూస్తం గదా, పక్కోని గట్టు జరిపినోడు పంచాయతీల ఎంత బాగ మాట్లాడినా ఎవడు నమ్ముతడు? చివర్ల బొగ్గు కరెంటు ఎక్కువ కాలిస్తే పొగ లెక్కకు కూడ ఫేవర్ కోస్తరు. అదే పొగతోని మంచు కరిగి సముద్రం పెరిగి తీరం టైల్స్ మునుగుతయ్, కంప్యూటర్స్ టెక్నాలజీతోని ఫ్లడ్ బ్యారియర్ వస్తది. మనకు సముద్రం అలవాటు లేదు కాబట్టి నేను ఊర్లన్నీ లోపల్నే పెడ్త, ఆ బాధ నాకు లేదు.

పాయింట్లు ఎట్లొస్తయంటే తీర్మానంల నువ్వేసిన ఆప్షన్, అది ఎవరికి లేదా దేనికి తగలాల్నో ఆ టార్గెట్, రెండూ గెలిస్తే తీర్మానానికి 1. అందుకే నీకేం కావాల్నో కాదు, మిగతావాళ్ళు దేనికి వేస్తరో చూసి వెయ్యి. వింత కట్టడాలు కట్టినా వస్తయ్, మహాబోధికి 2, పోటాలా ప్యాలెస్‌కు 1, స్టాట్యూ ఆఫ్ లిబర్టీకి 4. ఇగ మోడర్న్ ఎరా నుంచి వరల్డ్ లీడర్ తీర్మానం వస్తది, ఒకనికి 2 పాయింట్లు ఇచ్చుడో, 2 గుంజుడో. నేను 18 మీద ఉన్న, 1200 దాచిపెట్టుకున్న ఫేవరంతా నాకే వేసుకున్న, అందరు కలిసి నా మీదనే మైనస్ గుద్దిన్రు. 16కు దిగిన.

రెండోసారి 18 కి వచ్చినప్పుడు నాకు నేనే మైనస్ ఓటు వేసుకున్న. నవ్వకు, ఎట్లైనా ఆ రెండు పోతయ్, కానీ గెలిచిన దిక్కు ఓటేసినందుకు 1 తిరిగొస్తది, అంటే పోయేది ఒక్కటే. ఆ ఫ్రీ ఓటుతోనే పని అయింది, మిగిలిన ఫేవరంతా మిగతా రెండు తీర్మానాల మీద పెట్టి రెండూ కొట్టిన. 19.

గెలవనీకె మిగిలిన ఆ ఒక్కటి వరద ఇచ్చింది. పక్క దేశం నది పొంగి వాళ్ళ ఊర్లు ఆగమైనయ్, ఎయిడ్ రిక్వెస్ట్ అని స్పెషల్ సెషన్ పెట్టిన్రు. అది పోటీ లెక్క, ఎవరు ఎక్కువ సాయం చేస్తే వాళ్ళకు పాయింట్లు. డీల్ స్క్రీన్‌ల పోయి నా ఖజానల ఉన్న గోల్డంతా వానికి గిఫ్ట్ కొట్టిన, రెండు ఊర్లల్ల సెండ్ ఎయిడ్ ప్రాజెక్టు పెట్టిన. అంతా ఇచ్చినంక నేను దివాలా, వాడు షావుకారి. వెంటనే నా దగ్గరున్న పట్టు, మసాలాలు వానికే అమ్మి ఆ గోల్డ్‌ల సగానికెక్కువ వెనక్కి గుంజిన, సాయం లెక్క మాత్రం తగ్గలే. ఇది జర కంత్రీ పనే. మా మేనబావ వెనకనుంచి చూసి, "అరె, మాకు పంపిన బియ్యం కూడ గిట్లనే మాకే అమ్మిన్రు గదరా" అన్నడు. నేనేం అనలే, నెక్స్ట్ టర్న్ నొక్కిన.