అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో ఆర్లాండో డిస్నీ వరల్డ్: ఖర్చు నిజంగా ఎక్కడ తగ్గుతుంది?

షార్లెట్ నుంచి కార్లో వెళ్తున్నాం, తొమ్మిదేళ్ల బాబు, రెండేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మేమిద్దరం, వారం రోజులు డిస్నీ వరల్డ్ అనుకుంటున్నాం, కూపన్లు ఎక్కడ దొరుకుతాయి అని మీరు అడిగారు. మేమూ మీలాగే నార్త్ కరొలినాలో, ర్యాలీలో ఉంటాం, మా అత్తయ్యగారినీ మావయ్యగారినీ పిల్లల్నీ తీసుకుని వెళ్లొచ్చాం కాబట్టి మీ లెక్క నాకు బాగానే అర్థమైంది.

ముందు కూపన్ల సంగతి పక్కన పెట్టండి. డిస్నీ టికెట్ మీద తగ్గింపు అంటే పదో పరకో, అంతే. అండర్‌కవర్ టూరిస్ట్ లాంటి అధీకృత రీసెల్లర్ల దగ్గర కొంచెం తగ్గుతుంది, మీ ఆఫీసులో ఉద్యోగులకి తగ్గింపులిచ్చే సైటు (పెర్క్స్ పోర్టల్) ఉంటే అదీ ఒకసారి చూడండి, టార్గెట్ షాపు వాళ్ల కార్డు ఉంటే అక్కడ డిస్నీ గిఫ్ట్ కార్డుల మీద 5 శాతం తగ్గుతుంది, వాటితోనే టికెట్లు కొనుక్కోవచ్చు. ఇవన్నీ చేయండి, కాదనను. కానీ అసలు డబ్బు మిగిలేది ఇంట్లో ఎవరికి ఎన్ని రోజుల టికెట్ కొంటున్నారన్న దగ్గర. ఆరుగురు వెళ్తున్నాం కదా అని ఆరుగురికీ ఒకే రకం టికెట్ తీసేస్తాం చూడండి, ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

పాపకి మూడేళ్లు నిండలేదు కాబట్టి టికెట్ అక్కర్లేదు. మూడో పుట్టినరోజు దగ్గర్లో ఉంటే ట్రిప్పు దానికి ముందే పెట్టుకోండి, దాటితే దాదాపు పెద్దవాళ్ల ధరే కట్టాలి. బాబు వయసు గురించి హడావిడి పడక్కర్లేదు. పదేళ్లు నిండితే పెద్దల టికెట్టే కానీ, రెండిటికీ తేడా కొద్దిగానే.

మీ ముగ్గురికీ, అంటే మీ ఇద్దరికీ బాబుకీ, నాలుగు రోజుల టికెట్ చాలు. నాలుగు పార్కులు, పార్కుకో రోజు. ఒక్క రోజు టికెట్ చాలా ఖరీదు, రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ధర దిగుతూ వస్తుంది. నాలుగు రోజుల టికెట్‌ని మొదటి రోజు నుంచి ఏడు రోజుల్లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు కాబట్టి మధ్యలో ఒకటో రెండో రోజులు పార్కు లేకుండా పెట్టుకోండి. వరసగా నాలుగు రోజులు తిరిగితే మూడో రోజుకి పిల్లలు ఏడుస్తారు, మీరు వాళ్ల మీద అరుస్తారు. పార్క్ హాపర్ అని ఒకే రోజు రెండు పార్కులకి వెళ్లేందుకు అదనంగా తీసుకుంటారు, రెండేళ్ల పాపతో అది శుద్ధ దండగ.

ఇక మీ అమ్మానాన్నలు. వాళ్లకి నాలుగు రోజులూ కొనకండి, ఇది గట్టిగానే చెప్తున్నాను. మనవలు ఆడుకుంటుంటే చూడాలని వాళ్లకి ఉంటుంది, మనకీ ఉంటుంది, నిజమే. కానీ స్పేస్ మౌంటెన్ లాంటి రోలర్‌కోస్టర్ లైన్లో గంటసేపు నిలబడి ఎక్కే ఓపిక వాళ్లకుండదు, ఎక్కకపోతే బెంచీ మీద స్ట్రోలరుకీ బ్యాగులకీ కాపలా. ఎండలో కూర్చుని బ్యాగులు కాయడానికి మనిషికి వందకి పైగా డాలర్లు ఎందుకండీ? పైగా టికెట్ ధర ఎంతో వాళ్లకి తెలిసిందంటే దాన్ని రూపాయల్లోకి మార్చుకుని ఆ రోజంతా ఏమీ తినరు.

వాళ్లకి ఒక రోజు కొంటే ఆ నాలుగు పార్కుల్లో యానిమల్ కింగ్‌డమ్‌ది కొనండి. ఒక్క రోజు టికెట్లలో సాధారణంగా అదే తక్కువ. మ్యాజిక్ కింగ్‌డమ్ అన్నిటికన్నా ఎక్కువ, పండగ రోజుల్లో దాదాపు రెండు వందల డాలర్లు. ధర మాట అటుంచినా పెద్దవాళ్లకి నచ్చేది యానిమల్ కింగ్‌డమే. సఫారీ మొత్తం ట్రక్కులో కూర్చునే చూడచ్చు, ఇరవై నిమిషాల దాకా పడుతుంది, పొద్దున్నే వెళ్తే జంతువులు కూడా బాగా కనిపిస్తాయి. నడుం నొప్పి ఉన్నవాళ్లయితే ముందు వరసలో కూర్చోబెట్టమని అక్కడి వాళ్లని అడగండి, వెనకాల కుదుపులు ఎక్కువ. తర్వాత లయన్ కింగ్ షో ఉంది, అదీ ఏసీలో కూర్చుని చూసేదే. కానీ మా మావయ్యగారికి అన్నిటికన్నా నచ్చింది మహారాజా జంగిల్ ట్రెక్. పాతబడిపోయిన రాజుల వేట బంగళాలాగా కట్టారు, పెచ్చులూడిన గోడలు, వెలిసిపోయిన బొమ్మలు, అద్దానికి అవతల పులులు. ఆయన పులుల్ని ఒక నిమిషం చూసి, ఆ గోడ దగ్గరికెళ్లి గోరుతో గీకి చూసి, "ఇది నిజంగా పాతది కాదే, కొత్తగా కట్టి పాడుబెట్టారు" అని తెగ ఆశ్చర్యపోయారు. మన ఊళ్లో కోట పడిపోతుంటే పట్టించుకునేవాడు లేడు, వీళ్లు డబ్బులు పెట్టి మరీ పాడుబెట్టుకున్నారని ఇంటికొచ్చాక కూడా ఫోన్లో అందరికీ చెప్పారు.

రెండో రోజు కొనాలనిపిస్తే ఎప్‌కాట్ పార్కు బాగుంటుంది, సరస్సు చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లు. ఇండియా మాత్రం లేదు, "మనదేదీ?" అని అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. అక్కడ నడక ఎక్కువ. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చైర్ తీసుకోండి. పార్కులో రోజువారీ అద్దెకన్నా బయటి కంపెనీ నుంచి వారానికి తెప్పించుకుంటే చవక, మీరు దిగే చోటికే తెచ్చిస్తారు.

టికెట్ లేని రోజు వాళ్లు ఊరికే కూర్చోవాలని కాదు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అని డిస్నీ హోటల్ ఉంది, అందులో కిడాని విలేజ్ వైపు సనా అనే రెస్టారెంట్. కిటికీ అవతలే జిరాఫీలు, జీబ్రాలు మేస్తూ ఉంటాయి, పార్కు టికెట్ అక్కర్లేదు, టేబుల్ రిజర్వ్ చేసుకుంటే పార్కింగ్‌కీ డబ్బులివ్వక్కర్లేదు. పగటి పూట టైమ్ తీసుకోండి, చీకటి పడితే జంతువులు కనపడవు. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని రకరకాల నాన్‌లు, రొట్టెలు, తొమ్మిది రకాల నంజుళ్లు ఇస్తారు. మామిడి చట్నీ, కొత్తిమీర చట్నీ, రైతా కూడా ఉంటాయి. ఆవకాయ తినే నోటికి ఆ కారం ఆనదు గానీ శాకాహారులకి సుఖమైన చోటు. ఒక ప్లేటు ఇద్దరు ముగ్గురు పంచుకోవచ్చు. సాయంత్రం డిస్నీ స్ప్రింగ్స్‌కి వెళ్లండి, అక్కడ పార్కింగ్ ఉచితం, లెగో బొమ్మల దగ్గర ఫోటోలు దిగితే పెద్దవాళ్లకి డిస్నీ చూసినట్టే ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది మీకు బాగా కలిసొచ్చే విషయం. టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది, ఇళ్ల అద్దె కూడా అంతే. ఫ్లోరిడాలో స్కూళ్లు ఆగస్టు పదో తేదీ అటూ ఇటూగా తెరిచేస్తారు. మన నార్త్ కరొలినాలో మామూలు క్యాలెండర్ స్కూళ్లు చాలావరకు ఆగస్టు చివర్లో. ఆ మధ్య పది పన్నెండు రోజులు మన పిల్లలకి సెలవులు, అక్కడ రద్దీ తక్కువ. జూన్, జూలైతో పోలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎండ, ఉక్క మాత్రం మే నెల విజయవాడే, అందులో సందేహం లేదు. మధ్యాహ్నం రెండు మూడు గంటలకి ఉరుములతో వాన కొడుతుంది, ఆరుబయట రైడ్లన్నీ ఆపేస్తారు. అందుకని గేట్లు తెరవకముందే వెళ్లి, ఒంటిగంటకి ఇంటికొచ్చి, భోంచేసి, ఒక కునుకు తీసి, ఓపికుంటే సాయంత్రం మళ్లీ వెళ్లండి. అదే పార్కుకి మళ్లీ వెళ్లడానికి వేరే టికెట్ అక్కర్లేదు, ఉదయం కట్టిన పార్కింగ్ కూడా రోజంతా చెల్లుతుంది. రెయిన్ కోట్లు షార్లెట్‌లోనే డాలర్ స్టోర్లో కొనేసుకోండి, వాన మొదలయ్యాక పార్కులో కొంటే ఇంటిల్లిపాదికీ చిన్న బిల్లేం కాదు. హరికేన్ల కాలం కాబట్టి బస మాత్రం క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి.

డిస్నీ హోటళ్లలో దిగితే పార్కింగ్ ఉచితం, పార్కులోకి అరగంట ముందు పంపిస్తారు. కానీ వాళ్ల చవక హోటళ్లలో మామూలు గదికి నలుగురే, ఉయ్యాలలో పడుకునే పాప ఆ లెక్కలోకి రాదు. మీకు రెండు గదులో ఫ్యామిలీ సూటో కావాలి, అప్పుడు చవక అన్న మాటకి అర్థం లేదు. డిస్నీకి దగ్గరి ఊళ్లు కిసిమ్మీ, డావెన్‌పోర్ట్ వైపు ఇల్లు అద్దెకి తీసుకోండి. రాత్రికి ఇంత అని కనపడే రేటు నమ్మకండి, క్లీనింగ్ ఫీజు, ట్యాక్సులు కలిపిన మొత్తాన్ని రాత్రులతో భాగించి పోల్చండి. హోటలైతే రిసార్ట్ ఫీజు, పార్కింగ్ కూడా కలుపుకోండి. రోజూ డిస్నీ పార్కింగ్‌కి సుమారు ముప్పై డాలర్లు అవుతుంది, అదీ లెక్కలో వేయండి, అయినా మీ ఆరుగురికి ఇల్లే నయం. ఇంకో తెలుగు ఫ్యామిలీతో కలిసి తీసుకుంటే అద్దె సగమవుతుంది గానీ, రెండు కుటుంబాలు ఉదయం ఏడింటికి తెమిలి బయటపడటం నేనైతే చూడలేదు. పొద్దున మొదటి రెండు గంటలే పార్కులో బంగారం లాంటి సమయం, అది పోగొట్టుకుని అద్దె మిగుల్చుకుంటే లాభమేంటి?

తిండి దగ్గర మనవాళ్లకి ఉన్న సౌకర్యం ఇంకెవరికీ లేదు. డిస్నీ పార్కుల్లోకి మన తిండి మనం తీసుకెళ్లచ్చు. గాజు సీసాలు, విడి ఐసు ఒప్పుకోరు, ఫ్రీజర్లో పెట్టుకునే ఐస్ ప్యాకులు వేసుకోండి. రైస్ కుక్కర్, పోపుల డబ్బా, ఒక మూకుడు కారులో పడేసుకుంటే చాలు. పులిహోర రాత్రే కలిపి పెట్టేయండి, నిమ్మకాయది కాకుండా చింతపండుది, నిలవుంటుంది. పాపకి పెరుగన్నం ఐస్ ప్యాకు పక్కన పెట్టండి, పెరుగుకి బదులు పాలు ఎక్కువ పోసి తోడేస్తే మధ్యాహ్నానికి పులవదు. బ్యాగు చూసేవాళ్లు డబ్బా తెరవమంటే తెరిచి చూపించడమే, మా పులిహోర చూసి ఒకావిడ రెసిపీ అడిగింది. నీళ్లు కొనకండి, డ్రింకులు అమ్మే ఫుడ్ కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్ల గ్లాసు ఊరికే ఇస్తారు. ఫ్లోరిడా నీళ్లు కొంచెం వాసనేస్తాయి, నిమ్మకాయ పిండుకుంటే సరి. రోజుకి ఒక్కటి మాత్రం లోపల కొనిపెట్టండి, మిక్కీ ఐస్‌క్రీమో ఏదో. అన్నిటికీ వద్దు వద్దంటుంటే బాబు ముఖం మాడిపోతుంది.

లైట్నింగ్ లేన్ అని లైన్ తగ్గించే పాసులు అమ్ముతారు. ఆగస్టు నడిమధ్యలో వెళ్తే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి తప్ప వేరే చోట అవసరం పడదని నా అభిప్రాయం. డిస్నీ హోటల్లో దిగనివాళ్లు మూడు రోజుల ముందు నుంచి కొనుక్కోవచ్చు. కొనేముందు బాబు ఎత్తు కొలవండి, ట్రాన్ అనే రైడ్‌కి కనీసం 48 అంగుళాలుండాలి, స్పేస్ మౌంటెన్‌కి, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కి 44, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38. రైడర్ స్విచ్ అని ఇంకోటుంది, దానికి డబ్బులక్కర్లేదు. ఒకరు పాప దగ్గర ఉంటారు, రెండోవాళ్లు బాబుతో ఎక్కి దిగాక, ఆగినవాళ్లు మళ్లీ పెద్ద లైన్లో నిలబడకుండా వెళ్లచ్చు. రైడ్ ముందున్న స్టాఫ్‌కి పాపని చూపించి అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. అన్నిటికన్నా లాభం బాబుకి, రెండోసారి కూడా మీతో ఎక్కేస్తాడు.

స్ట్రోలర్ ఇంటి నుంచే తీసుకెళ్లండి, పిల్లల్ని కూర్చోబెట్టి లాగే వ్యాగన్లు మాత్రం రానివ్వరు. బొమ్మల సంగతి: చీకటి పడగానే వెలుగుతూ బుడగలు వదిలే కర్రలు తోపుడు బండి మీద పెట్టుకుని సరిగ్గా పిల్లలు అలిసిపోయిన వేళకి ఎదురొస్తారు. అలాంటివి, మిక్కీ చెవులు, ప్రిన్సెస్ గౌన్లు వాల్‌మార్ట్‌లో ముందే కొని దాచి, ఆ వేళకి బయటికి తీయండి. బాబుకి మాత్రం ఒక గిఫ్ట్ కార్డు ఇచ్చి ట్రిప్పు మొత్తానికి నీ డబ్బు ఇంతేనని చెప్పేయండి, తన డబ్బయ్యేసరికి వాడే ధరల చీటీ తిప్పి చూసుకుంటాడు. ఫోటోల ప్యాకేజీ వద్దు, అక్కడి ఫోటోగ్రాఫర్లే మీ ఫోన్ ఇస్తే మీ ఫోన్లోనూ తీసిపెడతారు.

కిసిమ్మీలో రోడ్డు పక్కన సగం ధరకే టికెట్లు అని బోర్డులు కనిపిస్తాయి, ఆగకండి. అవి చాలావరకు టైమ్‌షేర్ (సెలవుల ఇంట్లో ఏడాదికి కొన్ని రోజుల వాటా) అమ్మేవాళ్ల వల, సెలవులో ఒక పూట వాళ్ల మీటింగులో కూర్చోబెట్టి నలుగురు సేల్స్ వాళ్లు మీద పడతారు. మా ఆఫీసులో ఒకతను అలా వెళ్లి, టికెట్లు తెచ్చుకున్నాడు గానీ వాళ్లావిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తనివ్వదు. ఇంకెవరో రెండు రోజులు వాడి మిగిల్చిన టికెట్ ఇస్తామంటే అసలు తీసుకోకండి, అవి ఒకరి నుంచి ఒకరికి చెల్లవు, గేటు దగ్గర వేలు పెట్టిస్తారు.

దారిలో టోల్‌కి మీ దగ్గర మన నార్త్ కరొలినా టోల్ ట్యాగ్ ఎన్‌సీ క్విక్ పాస్ ఉంటే అదే ఫ్లోరిడాలో కూడా పనిచేస్తుంది, కొత్తది కొనక్కర్లేదు. తేదీలు అనుకున్నాక ఇక్కడే రాయండి, ఏ రోజు ఏ పార్కో చెప్తాను. ఆగస్టు నుంచే కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో హాలోవీన్ పార్టీ పెట్టి మామూలు టికెట్ వాళ్లని సాయంత్రం ఆరింటికే పంపించేస్తారు. బాణసంచా చూడాలనుకుంటే ఆ రోజులు తప్పించాలి, అక్కర్లేదనుకుంటే పగలు జనం తక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే.