మార్కెటింగ్ డైరెక్టర్ కావాలంటే ఇప్పుడే ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం చదువుతోంది. మార్కెటింగ్ డైరెక్టర్ కావాలంటోంది. బీకామ్, బీబీఏలలో ఏది మేలు? డిగ్రీ అక్కరలేదని, ఆరు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చాలని ద్వారకానగర్‌లోని ఒక సంస్థవారు అంటున్నారు. బంధువులేమో ఆడపిల్లను సరుకులు అమ్మడానికి పంపుతావా అని అడుగుతున్నారు.
– ఒక తండ్రి, గాజువాక

సమాధానం: ఇంటర్ ఫలితాల వేళకు విశాఖ తల్లిదండ్రుల నుంచి ఏటా వచ్చే ప్రశ్నే ఇది. మీరు అడిగింది కోర్సు గురించే అయినా, ఇప్పుడు తప్పటడుగు వేస్తే అమ్మాయి జీవితం పాడవుతుందన్న భయమే మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. ఆ భయం అక్కరలేదు.

డైరెక్టర్ పదవి ఏ డిగ్రీతోనూ నేరుగా రాదు. సాధారణంగా పదిహేనేళ్లకు పైబడిన అనుభవం మీద వస్తుంది. మన ఊళ్లో రిఫైనరీ ఉన్న హెచ్‌పీసీఎల్‌లో మార్కెటింగ్ డైరెక్టర్ సంస్థ బోర్డులోనే కూర్చుంటారు. సరుకును ఎవరికి, ఏ ధరకు, ఏ రూపంలో, ఏ మాటతో అందించాలో తేల్చి, వచ్చిన ఫలితానికి జవాబు చెప్పడమే ఆ పని. అరకు కాఫీనే చూడండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గింజలను ఇక్కడ గిరిజన సహకార సంస్థ సామాన్యులకు అందే పొట్లాలలో అమ్ముతుంటే, అదే లోయ కాఫీకి 2017లో పారిస్‌లో ప్రత్యేక దుకాణమే వెలిసింది. పంట ఒకే లోయది, కొనేవారు వేరు. ఆ తేడాను ముందే గుర్తించడం మార్కెటింగ్.

ఇక బీకామా, బీబీఏనా అన్నది మీరు అనుకుంటున్నంత పెద్ద విషయం కాదు. పెద్ద ఉద్యోగాలకు తరవాత చేసే ఎంబీఏయే కీలకం, దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ చదువు ఉంది, నగర శివారు గంభీరంలో ఉన్న, 2015లో మొదలైన విశాఖ ఐఐఎంలోనూ ఉంది. సీఈసీ పిల్లకు బీకామ్ సహజమైన దారి. స్టాటిస్టిక్స్ బాగా చెప్పే కాలేజీ ఏదో వాకబు చేసి చేర్పించండి.

డిగ్రీ అక్కరలేదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. డిజిటల్ మార్కెటింగ్ తెలియకుండా ఈ రంగంలో నెగ్గుకురాలేరు, నిజమే. కానీ అలాంటి చాలా కోర్సులలో ప్రకటన ఎలా పెట్టాలో, ఏ మీట ఎక్కడుందో నేర్పుతారు. ఆ మీటలు ఏడాది తిరిగేసరికి మారిపోతాయి. గూగుల్ సంస్థే తన ప్రకటనల పాఠాలను స్కిల్‌షాప్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇస్తున్నప్పుడు, డిగ్రీ చదువుతూనే ఆ పని నేర్చుకోవచ్చు. ఆరు నెలల కోర్సు ఒక్కటే పట్టుకుని వెళ్లినవారిలో ఎక్కువమంది చిన్న సంస్థల ఫేస్‌బుక్ పేజీలు చూసుకునే పని దగ్గరే ఆగిపోవడం నేను చూస్తున్నాను. డబ్బు కట్టేముందు, అక్కడ చదివినవారు ఎక్కడ, ఏ జీతానికి పనిచేస్తున్నారో అడిగి, కనీసం ఇద్దరితో మీరే మాట్లాడండి.

బంధువుల మాట గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. వారు అన్నారని రాశారు గాని, ఆ సంకోచం మీది కూడా. ఉత్తరంలో అమ్మాయి కోరిక ఒక్క వాక్యం, తక్కినదంతా పెద్దల అభిప్రాయాలే. ఆమెకు ఈ పని ఎందుకు నచ్చిందో మీరు అడిగారా? సరుకులు అమ్మడం చిన్నతనం కాదు. చాలా కంపెనీలు ఎంబీఏ చేసినవారిని కూడా మొదట డిస్ట్రిబ్యూటర్ల వెంట, కిరాణా కొట్ల వెంట తిప్పుతాయి. పూర్ణా మార్కెట్‌లో ఒక కొట్టు ముందు గంటసేపు నిలబడితే, పైన దండలా వేలాడే షాంపూ పాకెట్లలో ఏది ముందు తెగుతోందో, పెద్ద సీసా మీద దుమ్ము ఎందుకు పేరుకుందో కళ్లారా తెలుస్తుంది. అది చూడనివారు పై పదవిలో కూర్చున్నా తీసుకునే నిర్ణయాలు గాలిలో మేడలే.

పరీక్షలు కాగానే, తెలిసిన వ్యాపారి దగ్గర నెలరోజులు అమ్మాయిని పనిచేయనివ్వండి. నచ్చితే బీకామ్ తరవాత ఎంబీఏకు వెళుతుంది. నచ్చకపోయినా అదే బీకామ్‌తో సీఏ వైపు గాని, బ్యాంకు పరీక్షల వైపు గాని వెళ్లవచ్చు. ఒక్క ఏడాది కూడా వృథా కాదు.