సొసైటీ ఆఫ్ ది స్నో ఎంతవరకు నిజం? మాంసం తిన్న కథ అని భయపడి మానేయాలా?

రెండు సంగతులు అడిగారు. విమానం కూలి మంచు కొండల్లో చిక్కుకున్నవాళ్ల గురించిన ఈ సినిమా కథ ఎంత నిజమని ఒకటి, వాళ్లు తమతో వచ్చి చనిపోయినవాళ్ల మాంసం తిన్నారని విన్నాక చూడబుద్ధి కావట్లేదు, చూడగలనా అని ఇంకొకటి. రెండోదానికే ముందు చెప్తా. చూడొచ్చు. తిన్న సంగతి దాచలేదు గానీ, దాన్ని చూపించి భయపెడదామని తీసిన సినిమా కాదు. కోసేవాళ్లు కూడా మిగతావాళ్ల కంట పడకుండా పక్కకు పోయి కోస్తారు. తినాలా వద్దా, దేవుడికి ఏం జవాబు చెప్పుకోవాలి అని వాళ్లలో వాళ్లు పడ్డ కొట్లాటే ఎక్కువ సేపు ఉంటుంది. మా ఇంటామె కోడిని కోస్తుంటేనే అటు చూడదు, ఆమె కూడా మొత్తం చూసింది. విమానం కూలే సీన్ దగ్గర మాత్రం లేచి వంటింట్లోకి పోయింది. అది నిజంగానే కష్టం, ముందే చెప్తున్నా.

ఇక నిజం సంగతి. 1972 అక్టోబర్‌లో ఉరుగ్వే నుంచి ఓల్డ్ క్రిస్టియన్స్ అనే రగ్బీ జట్టు కుర్రాళ్లు, వాళ్ల దోస్తులు, చుట్టాలు చిలీకి బయల్దేరారు. సిబ్బందితో కలిపి 45 మంది. వాతావరణం బాగాలేక ఒక రాత్రి అర్జెంటీనాలోని మెండోజాలో ఆగి, మర్నాడు 13న మళ్లీ ఎక్కారు. ఆండీస్ పర్వతాలు దాటేశామనుకుని కో-పైలట్ విమానాన్ని ఉత్తరానికి తిప్పి కిందికి దించాడు. దాటలేదు. రెక్కలూ తోకా ఊడిపోయి, మిగిలిన మొండెం మంచు మీద జారిపోయి 3,500 మీటర్లకు పైన ఎత్తులో ఆగింది. 72 రోజుల తర్వాత బతికి బయటపడ్డది 16 మంది. ఇదంతా జరిగిందే, పేర్లు కూడా అసలు పేర్లే పెట్టారు. అక్టోబర్ 29న మంచు చరియ వచ్చి పడి ఇంకో ఎనిమిది మంది పోవడం కూడా కల్పన కాదు. నమ్మబుద్ధి కాదు గానీ, వెతుకులాట ఆపేశారన్న వార్తను లోపల ఉన్న చిన్న రేడియోలో వాళ్లే విన్నారు. విమానం తెల్లది, చుట్టూ మంచు తెల్లది, పైనుంచి వెతికినవాళ్లకు ఏం కనపడుతుంది?

చావు బతుకుల్లో ఉన్న కో-పైలట్ చిలీ వైపున్న కురికో దాటాం అంటూనే ఉన్నాడు. ఆ మాట పట్టుకుని వీళ్లు పడమటికే నడవాలని నిశ్చయించుకున్నారు. నిజానికి వాళ్లు పడ్డది అర్జెంటీనా గడ్డ మీద. పడమటికి పోవాలంటే ముందు పెద్ద కొండ ఎక్కాలి. వాళ్లలో ఫీతో స్ట్రౌచ్ అనే అబ్బాయి చేసిన పని నాకు చాలా నచ్చింది. సీటు వెనక ఉండే అల్యూమినియం రేకును ఒంచి, దాని మీద మంచు వేసి ఎండకు పెట్టి, కరిగిన నీళ్లు సీసాలో పట్టాడు. మంచు అట్లాగే తింటే నోరు పుండవుతుంది, దాహమూ తీరదు. రకరకాల పనులు ఇట్లా కనిపెట్టారు. తోక భాగంలో దొరికిన, చలి ఆపే పదార్థంతో పడుకునే సంచి కూడా కుట్టుకున్నారు.

అందరూ ఈ సినిమా గురించి ధైర్యం, పట్టుదల అని రాస్తారు. కాదనను. నాకు మాత్రం అందులో అందరికంటే ముఖ్యమైన మనిషి చివర్లో కాసేపు కనిపించే పశువుల కాపరి. ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

నేను టీచర్ని. కొన్నేళ్లు ఏటూరునాగారం అడవి లోపలి ఒక గూడెం బడిలో చేశాను. వానాకాలం రోడ్డు మీదికి రావాలంటే రెండు వాగులు దాటాలి. ఒకరోజు బడి అయ్యాక నేనూ ఇంకో సారూ మొదటి వాగు మోకాళ్ల లోతులో దాటేశాం. మా దగ్గర చినుకు లేదు. ఎగువన గుట్టల మీద దంచి ఉంటుంది. రెండో వాగు చేరేసరికి ఎర్ర నీళ్లు, నురగ, కొమ్మలు, ఒడ్డు తెంపుకుని పోతోంది. వెనక్కి తిరిగి వస్తే మొదటిదీ అంతే. మధ్యలో ఇరుక్కుపోయాం. ఫోన్లకు సిగ్నల్ లేదు.

పొద్దు గుంకే వేళ అవతలి ఒడ్డున బర్లను తోలుకుపోతున్న ఒకాయన కనిపించాడు. మేం అరిచాం, ఆయనా ఏదో అరిచాడు. వాగు మోతకు ఒక్క ముక్క వినపడలేదు. ఆయన కాసేపు చూసి, అరచెయ్యి కిందికి ఊపాడు, అంటే కూసోమని. చెంప కింద చెయ్యి పెట్టి తల వంచాడు, పండుకోమని. తర్వాత తూర్పు దిక్కు చూపించి వేలు పైకి లేపాడు. చివరికి మా వెనక మక్కచేనులో ఉన్న మంచె వైపు కర్ర చాపి, మేం అటు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఆ రాత్రి దోమలు పెట్టిన బాధ వేరే చెప్పను. అసలు సంగతి మర్నాడు తెలిసింది. ఆయన ఇంటికి పోయి తిని పండుకోలేదు. వాళ్ల గూడెం అంగన్‌వాడీ టీచరమ్మను లేపి, ఆమె దగ్గర నా నంబర్ ఉంటే, కొడుకును బండి మీద సిగ్నల్ వచ్చే దాకా పంపించి మా ఇంటికి ఫోన్ చేయించాడు. పొద్దున వాగు తగ్గాక ఇద్దరు పిల్లగాళ్లను, పొడుగాటి వెదురు బొంగును, టిఫిన్ నిండా గట్కను తీసుకుని వచ్చాడు. "రాత్రి దిగకపోతిరి, మంచి పని చేసిన్రు సారూ. దిగితే గోదాట్ల తేలేటోళ్లు" అన్నాడు.

ఇప్పుడు సినిమాకు వస్తే, బతికున్నవాళ్లలో నాండో పరాడో, రొబెర్టో కనెసా, ఇంకొకరు సాయం కోసం డిసెంబర్ 12న బయల్దేరారు. తిండి చాలదని మూడో మనిషిని వెనక్కి పంపి, మిగిలిన ఇద్దరూ నడిచారు. మొత్తం పది రోజుల నడక. ఒక నది ఒడ్డుకు వచ్చేసరికి అవతల గుర్రాల మీద మనుషులు. నది హోరుకు మాటలు వినపడవు. అందులో సెర్హియో కతలాన్ అనే కాపరి 'రేపు' అని అరిచాడు. అన్నట్టే మర్నాడు వచ్చాడు. కాగితం, పెన్సిలు రాయికి కట్టి ఇవతలికి విసిరాడు. కొండల్లో కూలిన విమానంలోంచి వచ్చానని పరాడో దాని మీద రాసి తిరిగి విసిరాడు. చదివి, రొట్టె విసిరేసి, వార్త చెప్పడానికి గంటల తరబడి గుర్రం మీద పోయాడు కతలాన్. హెలికాప్టర్లు వచ్చింది దాంతోనే. అన్నేసి రోజులు పడ్డ కష్టమంతా ఆ కాగితం సరైన చేతిలో పడితేనే పనికొచ్చింది. దర్శకుడు బయోనా ఇదంతా గబగబా తేల్చేశాడు. నాకున్న ఫిర్యాదల్లా అదే.

మన దగ్గర 2023 జూలైలో ముత్యంధార జలపాతానికి పోయినవాళ్లు వాగు పొంగి అడవిలో చిక్కుకున్నప్పుడు కూడా ఫోన్ కలవబట్టే పోలీసులకు తెలిసింది, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రికి రాత్రి పోయి తెచ్చారు. ఫోన్ కలవని చోట ఆ పని బర్లు కాసే మనిషే చేయాలి.

1993లో ఇదే కథతో అలైవ్ అని ఇంగ్లిష్ సినిమా వచ్చింది. ముందు ఇది చూడండి, అది తర్వాత చూసినా నష్టం లేదు. నటులు ఉరుగ్వే, అర్జెంటీనా కుర్రాళ్లు కాబట్టి స్పానిష్ ఆడియోలోనే సబ్‌టైటిల్స్‌తో చూస్తే బాగుంటుంది. దాదాపు రెండున్నర గంటలు. కథ చెప్పే గొంతు ఎవరిదో ఇక్కడ చెప్పను, చూస్తేనే దాని బరువు తెలుస్తుంది.

చివర్లో బతికినవాళ్ల పేర్లు చదివే పెద్దాయన్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. ఆ పాత్ర కార్లోస్ పాయెజ్ విలారో అనే చిత్రకారుడిది. ప్రభుత్వాలు ఆపేశాక కూడా కొడుకు కోసం వెతుకుతూనే ఉన్న తండ్రి ఆయన. ఆ వేషం వేసింది బతికొచ్చిన ఆ కొడుకే.