'మిడిల్‌మార్చ్' నవలలో డొరొతియా కథ మధ్యలో డాక్టర్ కథ ఎందుకు వస్తుంది?

మొదట్లో అవి రెండు వేర్వేరు కథలు. జార్జ్ ఎలియట్ (అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్) డాక్టర్ ఉన్న ఊరి కథ ఒకటి, డొరొతియా గురించి 'మిస్ బ్రూక్' అని ఇంకొకటి మొదలుపెట్టి, తర్వాత రెండింటినీ కలిపేసింది. 1871-72లో ఎనిమిది భాగాలుగా వచ్చింది.

కథాకాలం 1829 నుంచి 1832 వరకు. ఇంగ్లండ్‌లో ఓటుహక్కు సంస్కరణల గొడవ, రైల్వే సర్వే వాళ్లను చూసి రైతుల భయం, కలరా టెన్షన్ అన్నీ అందులో ఉన్నాయి.

నా దృష్టిలో నవలకు గుండెకాయ డాక్టర్ లిడ్‌గేటే. పారిస్‌లో చదివొచ్చాడు, మందులు తానే అమ్ముకోనంటాడు. అప్పటి మామూలు వైద్యుల సంపాదన ఎక్కువగా మందుల బిల్లులోనే ఉండేది కాబట్టి తోటి డాక్టర్లకు అది అవమానంగా తోచింది. రోజమండ్‌ను పెళ్లాడి, సామాన్లకు, ఇంటికి అప్పులు చేస్తాడు. సాయం అడిగితే బ్యాంకర్ బుల్‌స్ట్రోడ్ ముందు కుదరదని, ఆ మర్నాడే 1000 పౌండ్లు ఇస్తాడు. బుల్‌స్ట్రోడ్ దాచుకున్న గతం తెలిసిన రాఫిల్స్ అతని ఇంట్లోనే చనిపోతాడు. వైద్యం చేసింది లిడ్‌గేట్. ఇంకేముంది, అది లంచమేనని ఊరంతా నమ్మేస్తుంది. ఎవరూ మొహం మీద అడగరు, రుజువూ ఉండదు. చదువుతుంటే నాకు ఊపిరాడలేదు.

అప్పుడు లిడ్‌గేట్ మాట నమ్మి పక్కన నిలబడేది డొరొతియానే. ముసలి పండితుడు కాసోబన్‌ను గొప్ప జ్ఞాని అనుకుని పెళ్లాడి దెబ్బతిన్న మనిషి కదా, ఆశలు కూలడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. రెండు కథలూ నిజంగా కలిసేది అక్కడే.