'సెమినరీ' మూడో పేరా గురించి

తమ్ముడికి ఆశీస్సులు.

సెమినరీ, అంటే పాద్రీలను తయారుచేసే చర్చి బడి, ఆ మాట పుట్టుక మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం శుభ్రంగా నడిచింది. కానీ మూడో పేరా చదివాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. "సెమినరీ అనే మాట పురుషబీజానికి ఉన్న లాటిన్ పేరు నుంచి పుట్టింది, అందుకే అది మగవాళ్ల బడి" అన్నావు. ఇలాంటి వాక్యం ఒకసారి అచ్చయితే పదిమంది నోళ్లలో పడి నిజమైపోతుంది.

'సెమెన్' అంటే లాటిన్‌లో మొదట విత్తనం. పురుషబీజమనే అర్థమూ ఉంది గానీ, 'సెమినారియుం' ఆ దారిన రాలేదు. అది రైతుల మాట: మొక్కల్ని కొంత ఎదిగేదాకా పెంచి, తర్వాత వేరేచోట నాటడానికి వేసే మడి. దాన్ని ఎలా వేయాలో క్రీ.పూ. 2వ శతాబ్దంలో వ్యవసాయం మీద పుస్తకం రాసిన రోమన్ కేటో చెప్పాడు. బాగా ఎరువు పట్టిన మంచి నేల కావాలి, అదీ మొక్క చివరికి చేరబోయే నేలను వీలైనంత పోలి ఉండాలి. లోతుగా తవ్వి, రాళ్లు ఏరి, గట్టి కంచె కట్టి, వరసల్లో అడుగున్నర ఎడంతో నాటాలి. ఆయన నాటమన్నది గింజలు కాదు, కొమ్మ ముక్కలు! పేరులో విత్తనం ఉంది, మడిలో లేదు. ధాతువు చూసి అర్థం తేల్చేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఈ మాట చర్చి చేతికి ఎప్పుడు వచ్చిందో నువ్వు రాయనే లేదు. వ్యాసానికి ఆయువుపట్టు అదే. 1556లో ఇంగ్లండులో కాథలిక్ మతపెద్ద కార్డినల్ పోల్ నడిపిన చర్చి సభలో కతీడ్రల్ (బిషప్పు ప్రధాన చర్చి) బడుల గురించి ఈ మడి ఉపమానం వచ్చింది. 1563 జూలై 15న కాథలిక్ చర్చి జరిపిన ట్రెంట్ మహాసభ 23వ సమావేశం దాన్ని నియమంగా మార్చింది. ప్రతి బిషప్పూ బడి పెట్టాలి. కనీసం 12 ఏళ్లుండి, చదవడం రాయడం వచ్చిన పిల్లల్ని తీసుకోవాలి. పేదల పిల్లలకు ముందు చోటివ్వాలి, ధనికులు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి. వ్యాకరణం, గానం, పండుగల తేదీల గణితం, లేఖనాలు నేర్పాలి. ఆ బడి దేవుని సేవకులకు నిత్యమైన 'సెమినారియుం' కావాలి. లేతవయసులో సరిగా పెంచకపోతే లోకసుఖాల వైపు మళ్లుతారన్నది వాళ్లు చెప్పిన కారణం. మడి పోలిక సరిపోయింది అందుకే: పెంచేది ఒకచోట, నాటేది మరోచోట.

ఇక మగవాళ్ల బడి అన్న వాదన. 1821లో అమెరికాలో ఎమ్మా విల్లార్డ్ ట్రాయ్‌లో ఆడపిల్లలకు సెమినరీ పెట్టింది. 1837లో మేరీ లయన్ పెట్టిన ఆడపిల్లల బడి మౌంట్ హోల్యోక్ పేరులోనూ సెమినరీ ఉంది. అవి పాద్రీలను తయారు చేసే బడులు కావు. ఈ రెండు తేదీలతో నీ పేరా కూలిపోతుంది.

'సెమినార్ నుంచి సెమినరీ' అన్నదీ తప్పే. రెండూ ఒకే లాటిన్ మాట బిడ్డలు. సెమినార్ జర్మన్ విశ్వవిద్యాలయాల్లో పెరిగింది. 1787లో జర్మన్ పండితుడు వోల్ఫ్ హాలె నగరంలో పెట్టిన భాషాశాస్త్ర సెమినార్ పేరుపొందింది. ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. మొక్కల మడి అనే అర్థంలో సెమినరీ మాత్రం అక్కడ 15వ శతాబ్దం నుంచే ఉంది. వయసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పొరపాటు జరగదు.

కాబట్టి మాట చరిత్ర రాసేటప్పుడు ఒక్కో దశకూ ఒక కార్డు పెట్టుకో. అందులో రూపం, భాష, కాలం, వాడినవారు, ఆ వాక్యంలో అర్థం ఉండాలి. రెండు కార్డుల మధ్య అర్థం మారితే, మార్చింది ఎవరో దొరికేదాకా వెతుకు. ధాతువు మొదటి కార్డు మాత్రమే, తీర్పు కాదు. "పాఠకుడికి అంకెలు పడవు" అని తేదీలు కొట్టేసే సంపాదకులు ఉన్నారు. "ఈ మాట అసలు అర్థం తెలిస్తే ఆశ్చర్యపోతారు" అనే శీర్షికలు అలాంటి బల్లల మీదే పుడతాయి. నీ తేదీలు ఒక్కటీ వదులుకోకు.

మూడో పేరా మొత్తం తీసేసి, ఆ చోట ట్రెంట్ నియమం పెట్టు. కేటో మడి దానికి ముందు రావాలి, అమెరికా బడులు తర్వాత. మార్చిన ప్రతి నాకు పంపు.